వాన మన నెత్తి మీదే పడక్కర్లేదు



కొంచెం పెద్ద పోస్టు ఇది. ఓపికుంటే చివరిదాకా చదవండి. ఈ గ్రూపులో రెండేళ్ళుగా అన్నలవీ అక్కలవీ చదవడమే తప్ప నేను ఎప్పుడూ ఏదీ రాయలేదు. రాయాలంటే భయం. తప్పులుంటే కామెంట్లో చెప్పండి, దిద్దుకుంటాను.

నాది బీఏ రెండో సంవత్సరం. జాగ్రఫీ ఒక సబ్జెక్టు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. మాది పాడేరు ఏజెన్సీ. బస్సు దిగాక రెండు గంటలు నడవాలి, మధ్యలో గెడ్డ దాటాలి. ఈ గెడ్డ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

పోయిన ఏడాది మా సారు సెమినార్ కోసం చీటీలు తీయించారు. నాకు వచ్చింది "ఎడారుల్లో నీటి వల్ల ఏర్పడే భూరూపాలు". చీటీ చూసి నవ్వొచ్చింది. ఎడారిలో నీళ్ళేంటి? సారుని అడిగితే "అదే కదా నువ్వు చదివి చెప్పాల్సింది" అన్నారు. అలా అమెరికాలోని ఆరిజోనా, యూటా ఎడారి లోయలు నా నెత్తిన పడ్డాయి. కాన్యన్లు అంటారు వాటిని.

మొదట పుస్తకం ముట్టుకోలేదు. మా రూములో సీనియర్ అన్న ఫోన్లో "127 అవర్స్" అని సినిమా ఉంటే, ఏడుగురం ఒకే ఫోన్ మీద పడి చూశాం. 2010లో వచ్చిన సినిమా, సంగీతం మన రెహమాన్. జరిగిన కథే. ఆరన్ రాల్స్టన్ అనే అతను 2003 ఏప్రిల్ 26న యూటాలో బ్లూ జాన్ కాన్యన్ అనే ఇరుకు లోయలోకి ఒక్కడే దిగాడు. దిగుతుంటే ఒక బండ కదిలి అతని కుడిచేతిని గోడకేసి నొక్కేసింది. బండ బరువు దాదాపు 360 కిలోలు. ఐదు రోజులు దాటినా ఎవరూ రాలేదు. చివరికి మొద్దుబారిన చిన్న కత్తితో తన చేతిని తనే కోసుకుని, ఒంటి చేత్తో తాడు పట్టుకుని దిగి, నడుచుకుంటూ బయటపడ్డాడు.

చెయ్యి కోసుకునే సీన్లో మావాళ్ళు ఇద్దరు లేచి వరండాలోకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం అతని ధైర్యం గురించే రాత్రి దాకా మాట్లాడుకున్నాం. కానీ నాకు ఆ రాత్రి నిద్రపట్టక తిరిగింది వేరే విషయం. అతను ఎక్కడికి వెళ్తున్నాడో ఒక్కరికి కూడా చెప్పలేదు. అందుకే ఎవరూ వెతకడానికి వెంటనే రాలేదు, వచ్చినా ఎక్కడ వెతకాలో తెలీదు. మా అయ్య చదువుకోలేదు. అయినా అడ్డాకులకి వెళ్ళినా, తేనెకి వెళ్ళినా, "ఈరోజు ఫలానా కొండ, పొద్దు వాలే లోపు వస్తాను" అని అమ్మకి చెప్పకుండా గుమ్మం దిగడు. వెళ్ళిన తర్వాత మనసు మార్చుకుని వేరే కొండకి వెళ్ళడు కూడా. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే రాల్స్టన్ చెయ్యి మిగిలేదేమో.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు మెల్లగా వస్తుంది నాకు, ఒక పేజీకి అరగంట పట్టేది.

ఎడారిలో నీళ్ళేంటి అన్నదానికి జవాబు ఇదీ. అక్కడ వాన తక్కువే. కానీ పడినప్పుడు ఒక్కసారిగా కుమ్మేస్తుంది. నేల ఎక్కువ భాగం బండ, మట్టి ఎండకి గట్టిపడి ఉంటుంది, ఆపడానికి చెట్టూ చేమా ఉండవు. నీరు నేలలోకి ఇంకదు, మొత్తం పల్లానికి పరిగెడుతుంది. ఇసుక, రాళ్ళు, దుంగలు మోసుకుని ఇసుకరాతి పగుళ్ళలోంచి దూకుతుంది. అలా వేల ఏళ్ళు కోసీ కోసీ ఆ పగులు లోతైన సందు అవుతుంది. కొన్నిచోట్ల పైన నిలబడి చూస్తే చిన్న చీలికలా కనిపిస్తుంది, దాటేయొచ్చు కూడా. లోపల మాత్రం తాటిచెట్టు లోతు. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. వీటిని స్లాట్ కాన్యన్లు అంటారు. ఫోటోల్లో ఎర్రగా, నారింజ రంగులో మెలికలు తిరిగిన గోడలు, పైనుంచి కర్రలా దిగే వెలుగు చూసే ఉంటారు. మీ ఫోన్ వాల్‌పేపర్లలో కూడా ఉండొచ్చు. ఆ ఫోటోలు చాలావరకు ఆరిజోనాలో పేజ్ అనే ఊరి దగ్గరున్న ఆంటిలోప్ కాన్యన్‌వి. అది నవాహో ఆదివాసుల నేల. వాళ్ళ భాషలో ఆ లోయ పైభాగానికి ఉన్న పేరుకి అర్థం "రాళ్ళ మధ్యనుంచి నీళ్ళు పారే చోటు". పేరులోనే హెచ్చరిక ఉంది.

1997 ఆగస్టు 12న ఆ లోయ కింది భాగంలోకి పర్యాటకులు దిగారు. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. లోయ దగ్గర చెప్పుకోదగ్గ వాన లేదు. మైళ్ళ దూరంలో, ఎగువన, ఉరుములతో వాన పడింది. ఆ నీరంతా వాగులో కలిసి సందులోకి వచ్చింది. అప్పట్లో దిగడానికి ఉన్నవి కర్ర నిచ్చెనలు, అవీ కొట్టుకుపోయాయి. పదకొండు మంది చనిపోయారు. వాళ్ళతో ఉన్న గైడ్ ఒక్కడే బతికాడు.

ఇది చదివి నేను పుస్తకం మూసేశాను. వారం రోజులు మళ్ళీ తెరవలేదు.

ఎందుకో చెప్తాను. ఇది సెమినార్‌లో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి.

నేను ఆరో తరగతి, ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నాను. సెలవులకి ఇంటికి వచ్చాను. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, పదిహేడేళ్ళవాడు. ఇద్దరం సంతకి వెళ్ళి వస్తున్నాం. ఆ మధ్యాహ్నం మా వైపు ఎండ కాస్తోంది. గెడ్డలో నీళ్ళు మోకాలు దాకా కూడా లేవు. నేను ముందు దాటేసి అవతలి ఒడ్డున రాయి మీద కూర్చుని, సంతలో కొన్న జంతికలు తింటున్నాను. అన్న నెత్తి మీద ఉప్పు, బియ్యం మూట. ఒడ్డున ఆగి పైకి చూశాడు, కొండ వైపు. ఎందుకు ఆగాడో నాకు తెలీదు. నేను "రా అన్నా, ఏం లేదు" అని అరిచాను. వచ్చాడు. సగంలో ఉండగా నీళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత చప్పుడు వినిపించింది. తర్వాత అన్న లేడు.

రెండో రోజు కింద, మూడు ఊళ్ళ అవతల దొరికాడు. ఊళ్ళో పెద్దలు గెడ్డకి కోపం వచ్చిందన్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేను "ఏం లేదు" అన్నానని ఎవరికీ తెలీదు. తెలిసినవాడు ఒక్కడే, వాడు పోయాడు.

కాబట్టి వేల మైళ్ళ అవతల, ఎండ కాసే చోట, వాన లేని చోట, ఎగువ నీళ్ళు వచ్చి పదకొండు మందిని తీసుకెళ్ళాయి అని చదివినప్పుడు నాకు ఆ రాయి, ఆ జంతికలు, ఆ ఎర్ర నీళ్ళు గుర్తొచ్చాయి. నా బరువు తగ్గిందా అంటే తగ్గలేదు. కానీ అది ఎలా జరిగిందో మొదటిసారి అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకోకూడదనిపించింది. వారం తర్వాత పుస్తకం మళ్ళీ తెరిచాను. ఈసారి చదివింది మార్కుల కోసం కాదు.

ఆ లోయల్లోకి వెళ్ళేవాళ్ళు ఎలా సిద్ధమవుతారో నేను తెలుసుకున్నది చెప్తాను. మనలో ఎవరైనా రేపు అక్కడికి చదువుకో ఉద్యోగానికో వెళ్తే పనికొస్తుంది. వెళ్ళకపోయినా పనికొస్తుంది.

మొదటిది వాన. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కూడా ఒక వానాకాలం ఉంది, దాన్ని వాళ్ళు కూడా మాన్సూనే అంటారు. మధ్యాహ్నాలు ఉరుముల వానలు కొడతాయి. తెలిసినవాళ్ళు లోయ ఉన్నచోట వాతావరణం చూసి సరిపెట్టుకోరు. ఆ లోయలోకి నీళ్ళు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో మ్యాప్‌లో గీసుకుని, ఆ ఎగువ ప్రాంతం మొత్తం చూస్తారు. అనుమానం ఉంటే ఆరోజు దిగరు. 2015 సెప్టెంబరు 14న యూటాలోని జయాన్ పార్కులో, కీహోల్ అనే సందులోకి దిగిన ఏడుగురు ఇలాగే వరదలో పోయారు. వాళ్ళు పొద్దున అనుమతి తీసుకునే వెళ్ళారు. అనుమతి కాగితం వరదని ఆపదు.

రెండోది, తప్పించుకునే దారి. దిగేముందే ఎక్కడెక్కడ పైకి ఎక్కే వీలుందో చూసుకోవాలి. నడుస్తూ గోడల మీద కన్నేసి ఉంచాలి. నెత్తికి రెండు మూడు నిలువుల పైన దుంగ ఇరుక్కుని ఉంటే, నీళ్ళు అంతదాకా వచ్చాయని అర్థం. మన గెడ్డ పక్క చెట్ల కొమ్మలకి ఎండుగడ్డి చుట్టుకుని ఉండటం మీరూ చూసే ఉంటారు. అదే లెక్క. తేట నీరు హఠాత్తుగా బురదగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, దూరంగా లారీ వస్తున్నట్టు చప్పుడైనా, ఇక ఫోటో కోసం, సామాను కోసం ఆగకూడదు. పైకి ఎక్కేయాలి. నీటితో పోటీ పడి ముందుకు పరిగెత్తితే గెలవలేం.

మూడోది ఎండ. ఇక్కడ గ్రాండ్ కాన్యన్ గురించి చెప్పాలి. కొలరాడో నది కోసిన లోయ అది. పొడవు 446 కిలోమీటర్లు, లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు. మనం కొండ ఎక్కేటప్పుడు ముందు కష్టపడి ఎక్కుతాం, అలిసిపోయాక దిగుతాం. అక్కడ తలకిందులు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు హాయిగా దిగిపోతారు, కాళ్ళు అలిసిపోయి, నీళ్ళు అయిపోయి, ఎండ ముదిరాక ఎక్కాల్సి వస్తుంది. పైన చలిగాలి ఉన్నరోజే అడుగున వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే దిగడానికి పట్టిన టైముకి రెట్టింపు ఎక్కడానికి పెట్టుకోమంటారు. ఎండాకాలం పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నడవొద్దంటారు. నదిదాకా వెళ్ళి అదేరోజు పైకి వచ్చే ప్రయత్నం చేయొద్దని పార్కువాళ్ళు బోర్డులు పెట్టి మరీ చెప్తారు.

నీళ్ళ గురించి ఒక విషయం నాకు కొత్త. నీళ్ళు తక్కువైతే ప్రమాదం అని అందరికీ తెలుసు. ఏమీ తినకుండా వట్టి నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగినా ప్రమాదమే. చెమటలో ఉప్పు పోతుంది, నీళ్ళతో ఒంట్లో మిగిలిన ఉప్పు పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి వస్తుంది. అందుకే ఉప్పగా ఉండేవి తింటూ తాగాలి. మా అమ్మ పోడు పనికి వెళ్తూ అంబలిలో ఉప్పు కాస్త ఎక్కువే వేసేది. అప్పుడు మొహం ముడుచుకునేవాణ్ణి.

నాలుగోది చలి. ఎడారిలో చలేంటి అనకండి. ఎండ తగలని సందుల్లో వాననీరు గుంటలుగా నిలిచిపోతుంది, వేసవిలో కూడా వణికించేంత చల్లగా ఉంటుంది. గంటలు ఆ నీళ్ళలో ఈదుతూ నడుస్తూ ఉంటే ఒళ్ళు బిగుసుకుపోతుంది, చేతులు ముడి కూడా వేయలేవు. అందుకే అలాంటి లోయలకి వెళ్ళేవాళ్ళు ఒంటికి అతుక్కునే రబ్బరు బట్టలు వేసుకుంటారు.

ఐదోది తాడు. తాడుతో దిగి, దాన్ని కిందికి లాగేసుకున్నాక వెనక్కి ఎక్కలేరు. ఇక ఆ లోయ చివరిదాకా వెళ్ళడమే. కాబట్టి ముందు ఎన్ని దిగుళ్ళున్నాయో, ఏది ఎంత లోతో తెలియకుండా మొదటి తాడు లాగకూడదు. నేర్పించేవాళ్ళ దగ్గర నేర్చుకోకుండా అసలు తాడు ముట్టుకోకూడదు. లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు. తలకి కట్టుకునే లైటు, మందుల సంచి, ఒకపూట అదనపు తిండి ఉండాలి. ఒంటరిగా వెళ్ళకూడదు. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళాలి. మా అయ్య పద్ధతే, కాగితం ఒక్కటే తేడా.

ఇక చివరిది, మన గ్రూపుకి ముఖ్యమైనది. ఆ నేల ఎవరిది?

ఆంటిలోప్ కాన్యన్‌లోకి ఈరోజు గైడ్ లేకుండా ఎవరూ అడుగు పెట్టలేరు, ఎంత డబ్బున్నా సరే. అది నవాహో నేషన్ నియమం. ఆ వరద తర్వాత నిచ్చెనలు ఇనుపవి చేసి బండకి బోల్టులతో బిగించారు, వాతావరణ రేడియో, హెచ్చరిక హారన్ పెట్టారు. ఆ నవాహోలనే 1864లో అమెరికా సైన్యం వాళ్ళ నేల నుంచి వందల మైళ్ళు నడిపించి తోలేసింది. దారిలోనూ అక్కడి శిబిరంలోనూ ఎంతోమంది చనిపోయారు. 1868లో ఒప్పందం చేసుకుని తిరిగి వచ్చారు. ఈరోజు వాళ్ళ ప్రాంతం అక్కడి ఆదివాసీ ప్రాంతాలన్నిటిలోకీ పెద్దది.

గ్రాండ్ కాన్యన్ లోపల హవాసుపై అనే ఇంకో జనం ఉన్నారు. పేరుకి అర్థం నీలాకుపచ్చ నీళ్ళ మనుషులు. వాళ్ళ ఊరు సుపై లోయ అడుగున ఉంది. రోడ్డు లేదు. కొండ అంచునుంచి 13 కిలోమీటర్లు నడవాలి, లేదా గుర్రమో కంచరగాడిదో ఎక్కాలి. వాళ్ళ ఉత్తరాలు ఇప్పటికీ కంచరగాడిదల మీదే వెళ్తాయి. డోలీ మోసిన మనకి ఆ ఊరు అర్థమవుతుంది. 1882లో వాళ్ళని 518 ఎకరాల్లోకి కుదించేశారు. 1919లో చుట్టూ జాతీయ పార్కు వచ్చింది. వాళ్ళు వదల్లేదు. 1975లో చట్టం చేసి 1,85,000 ఎకరాలు తిరిగి ఇచ్చారు. మన అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, పట్టాల కోసం ఇంకా తిరుగుతున్నవాళ్ళు ఈ గ్రూపులో ఎంతమందో నాకన్నా మీకే తెలుసు. సుపైకి వెళ్ళాలన్నా వాళ్ళ అనుమతి ముందే తీసుకోవాలి, ఉదయం వచ్చి సాయంత్రం పోయే నడకని వాళ్ళు ఒప్పుకోరు. వెళ్ళినవాడు ఆ ఊరివాళ్ళ మాట వినాలి, ఎందుకంటే ఆ నీళ్ళ కోపం వాళ్ళకి తెలుసు. 2008 ఆగస్టులో అక్కడ వరద వస్తే పర్యాటకుల్నీ ఊరివాళ్ళనీ హెలికాప్టర్లలో బయటకి తేవాల్సి వచ్చింది.

సెమినార్ ఎలా జరిగిందంటారా? కాళ్ళు వణికాయి. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ఒక చోట ఉచ్చారణ తప్పితే వెనక బెంచీ నవ్వింది. అయిపోయాక ఒకడు లేచి "అమెరికా ఎడారి మనకెందుకు, వెళ్తామా పెడతామా?" అన్నాడు. సారు నావైపు చూశారు. నోటిదాకా అన్న పేరు వచ్చింది. మింగేసి, "గెడ్డ దాటేవాళ్ళకి కావాలి సార్" అన్నాను. అంతే చెప్పగలిగాను.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళాను. బస్సు దిగి నడుస్తుంటే మా ఊరి పిల్లలు నలుగురు కలిశారు, వాళ్ళూ హాస్టళ్ళ నుంచే వస్తున్నారు. గెడ్డ దగ్గరికి వచ్చేసరికి మావైపు ఎండ. నీళ్ళు చీలమండ దాకా. ఎగువ కొండ మీద మాత్రం నల్లగా ఉంది. నేను ఆగమన్నాను. "ఏం లేదు అన్నా, పద" అన్నాడు అందరిలోకీ చిన్నవాడు. అదే మాట. నాకు ఒళ్ళు జలదరించింది. బ్యాగు కింద పెట్టి, ఒడ్డుకి బాగా పైన ఒక చింతచెట్టు కింద కూర్చోబెట్టాను. గంట, గంటన్నర అయింది. ఆకలేస్తోందన్నారు, నా దగ్గరున్న బిస్కెట్లు పెట్టాను. కొండమీద నలుపు విడిపోయింది. నీళ్ళు అలాగే తేటగా ఉన్నాయి. ఇంకాసేపు ఆగి దాటాం. ఏమీ రాలేదు.

పిల్లలు దారంతా నన్ను ఆటపట్టించారు. ఇంటికి చీకటిపడ్డాక చేరితే అమ్మ తిట్టింది. తాతకి మాత్రం సంగతి చెప్పాను, కొండ నల్లగా ఉంటే ఆగామని. తాత చుట్ట ఆర్పి, "ఎవడు చెప్పాడ్రా నీకు?" అన్నాడు. పుస్తకంలో ఉంది అన్నాను. "మా అయ్య చెప్పేవాడు నాకు" అన్నాడు. "మరి మాకెందుకు చెప్పలేదు తాతా?" అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. "మీరు బడికి పోయారు కదా" అన్నాడు.

ఆరో తరగతి నుంచి నేను సెలవులకి మాత్రమే ఇంటికి వెళ్ళేవాణ్ణి. కొండ గురించి చెప్పేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, వినాల్సినవాళ్ళం హాస్టళ్ళలో ఉన్నాం. హాస్టల్ తప్పని నేను అనను, అది లేకపోతే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. కానీ ఆ రోజు అన్న ఒడ్డున ఆగి కొండ వైపు చూశాడు. అతను మధ్యలోనే బడి మానేసి తాతతో తిరిగినవాడు. అతనికి తెలుసనుకుంటా. తెలిసినవాణ్ణి తెలియనివాడు పిలిచాడు.

అందుకే ఒక్కటి అడుగుతున్నాను. మీ ఊరి గెడ్డ, వాగు, ఏరు ఏదైనా సరే, అది ఎక్కడ పుడుతుంది, ఎగువన ఏ కొండ నల్లబడితే దిగకూడదు, నీళ్ళు ఏ రంగు తిరిగితే పరిగెత్తాలి, ఏ చెట్టు దాకా నీళ్ళు వచ్చాయి, ఇవన్నీ ఈ సెలవులకి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి కింద కామెంట్లో రాయండి. ఊరి పేరుతో రాయండి. మా గెడ్డది నేను మొదట రాస్తున్నాను.

జోహార్.